చెరిగిన సుద్ద గీతలు

పిల్లలంతా అన్నాలు తిని వరండాలో చేతులు కడుక్కుంటుంటే, శివాని మెల్లగా లోపలి గదిలోకి దూరింది. ఆరో తరగతి చదివే ఆ పిల్లకు చేతులు ఒకచోట ఊరుకోవు మరి.

కడప దగ్గర పల్లెలో, పిల్లలు బడి నుంచి చూడ్డానికొచ్చిన ఆ పాత మిద్దె ఇప్పుడొక మ్యూజియం. వేరుశనక్కాయలు ఒలిచే మిషన్ కనిపెట్టిన వీరభద్ర గారి ఇల్లది. ఆయన పోయాక, ఆయన చేసినవన్నీ భార్య కృష్ణవేణమ్మ కంటికి రెప్పలా చూసుకుంటోంది.

గదిలో ఒక మూల సగం చేసిన మిషన్ ఉంది. చెక్క మీద దుమ్ము, తెల్లటి సుద్ద గీతలు. దాన్నలా మురికిగా వదిలేయడానికి శివానికి మనసొప్పలేదు. శుక్రవారం వస్తే ట్రాక్టర్ కడిగి బొట్టు పెట్టందే వాళ్ళ నాన్న చేనికి పోడు. ఈరోజూ శుక్రవారమే. శివాని కర్చీఫ్ తడిపి చెక్కంతా తళతళలాడేలా తుడిచేసింది.

కాసేపటికి వాళ్ళ బడి రామాంజి సార్ పిల్లలందరినీ ఆ గదిలోకి తీసుకొచ్చాడు. కృష్ణవేణమ్మ మూలనున్న మిషన్‌ను చూపించింది.

"ఇది మా ఆయన చేసిన కడాపటి మిషన్. చెక్కకు బొక్కలు యాడ కొట్టల్లో సుద్దతో గీసిపెట్టినాడు. ఆ మాపే పానం పోయింది. గీతలు పోతాయని నేను దుమ్ము గూడా దులపను. సూడండి..."

గీతలు చూపిద్దామని వంగిన అవ్వ అలాగే ఆగిపోయింది.

"ఎవరు తుడిచినారు?" సార్ గొంతు పెరిగింది.

శివాని తడి కర్చీఫ్‌ను గుప్పిట్లో దాచుకుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. కానీ అవ్వ ఆ ఖాళీ చెక్కను వేళ్ళతో తడుముతుంటే చూడలేకపోయింది.

"నేనే అవ్వా. మురికనుకోని తుడిస్తి. సుద్ద ఇస్తే మళ్ళా గీస్తా."

"గీస్తే అది నీ గీత అయితాది పాపా. ఆయనది కాదు గదా." అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

శివాని వెక్కివెక్కి ఏడ్చింది. అవ్వ దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

"మంచికే చేసినావులే, ఏడవాకు. దా, శుక్రవారం గదా, పనిముట్లకు బొట్టు పెట్టల్ల. తుడిసేదానికి సాయం పట్టు."

బల్ల మీద రంపం, ఉలి, సుత్తి వరసగా ఉన్నాయి. అవ్వ గుడ్డ తెచ్చి ఇచ్చినా శివాని దేన్నీ ముట్టుకోలేదు.

"అవ్వా, ఈ సుత్తి తుడవచ్చునా?"

అవ్వ దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇనుము తుడువు. పిడి మాత్రం వద్దు. ఆయన చెయ్యి పట్టీపట్టీ నల్లగయింది అది."

శివాని గుడ్డను వేలికి చుట్టుకుని, పిడికి తగలకుండా, ఇనుమును మెల్లమెల్లగా తుడిచింది.