జాబితాలో లేని ఇల్లు

పొద్దున్నే ఆరున్నరకు రచన వంటగదిలో నిలబడి, ఒక కన్ను పొయ్యి మీది పాల మీద, ఇంకో కన్ను ఫోన్ మీద పెట్టి మెసేజ్ టైపు చేస్తోంది. మోటారు మరమ్మతు వల్ల ఈ రోజు నల్లా నీళ్లు ఏడు గంటలకు బదులు తొమ్మిదికి వస్తాయని వార్డు గ్రూపులో పెట్టాలి. ఆ మెసేజ్ ఇంకా పోనేలేదు, బయట అరుగు మీది నుంచి అత్తగారు ఈశ్వరమ్మ గొంతు వినిపించింది.

"బిందెలు లోపల పెట్టుకోండ్రి. నీళ్లు తొమ్మిదింటికేనంట. మా కోడలు చెప్పింది."

రచన నవ్వుకుంది. తను చెప్పలేదు. ఇందాక నల్లా లైన్‌మన్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆమె విన్నది, అంతే.

రచన కోదాడ మున్సిపాలిటీలో వార్డు ఆఫీసర్‌గా చేరి రెండేళ్లయింది. తమ వీధి కూడా తన వార్డులోదే. చెత్త ఆటో ఎప్పుడొస్తుందో, పింఛను వేలిముద్రలు ఎక్కడ వేయాలో, పిల్లల టీకాలు ఏ రోజో గ్రూపులో పెట్టడం ఆమె పని. కానీ వీధిలో సగం మంది ఆడవాళ్లు ఆ గ్రూపు చూడరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈశ్వరమ్మ అరుగు దగ్గరికి వస్తే చాలు, అన్నీ తెలుస్తాయి. కోడలు చెప్పిన దానికి అత్తగారు రెండు మాటలు కలుపుతుంది కూడా. ఒకసారి కుక్కలకు సూదులు వేస్తారని చెప్పమంటే, కుక్కలున్న వాళ్లకు కూడా వేస్తారని చెప్పింది. నలుగురు ఇళ్లకు తాళాలు వేసుకుని చిలుకూరు పోయారు.

ఆ అరుగు మామగారు జనార్దన్ కట్టించింది. ఇంటి ముందున్న మురుగు మోరీ మీద మఠంపల్లి వైపు నుంచి తెప్పించిన బండలు పరిచి, పైన సిమెంటు చేయించాడు. ఆయన పోయి మూడేళ్లు. అప్పటి నుంచి ఈశ్వరమ్మకు పగలంతా అక్కడే.

ఆ అరుగు వల్లే రచనకు పదిరోజులుగా అన్నం సయించడం లేదు.

పోయిన ఏడాది వానలకు వీధిలోకి నీళ్లొచ్చాయి. ఈసారి అట్లా కాకుండా మోరీలన్నీ పూడిక తీయాలని, మోరీల మీద కట్టిన అరుగులు, ర్యాంపులు, మెట్లు తీసేయాలని ఆఫీసులో నిర్ణయించారు. వీధి కొలిచి జాబితా రాసే పని రచనది. టేపు పట్టుకుని ఎర్రయ్య ముందు నడిచాడు. మున్సిపాలిటీలో ఇరవై ఏళ్ల నుంచి పని చేస్తున్న మనిషి. ఒక్కో ఇంటి ముందు ఆగుతూ వచ్చి, రచన వాళ్ల ఇంటి ముందు టేపు వదిలేశాడు.

"మేడం, ఇది రాయాల్నా?"

అరుగు మీద కూర్చున్న ఈశ్వరమ్మ వాళ్లిద్దరికీ మంచినీళ్లు తేవడానికి లేచింది. రచన చూపు తిప్పుకుంది.

"తర్వాత చూద్దాంలే. ముందటి ఇల్లు కొలువు."

ఆ 'తర్వాత' అనేది రాలేదు. భర్త ప్రవీణ్‌కు ఖమ్మం రోడ్డులో ఎరువుల దుకాణం. ఆ మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అతనికి చెప్పింది. "రాయకు. అమ్మ తట్టుకోలేదు. ఒక్క ఇల్లు వదిలితే ఏమైతది?" అన్నాడు. రచన మనసులో ఉన్న మాట కూడా అదే. ముప్ఫై ఒక్క ఇళ్లు ఉండాల్సిన జాబితా ముప్ఫైతో ఆగింది. సోమవారం దాన్ని వార్డు ఆఫీసు గోడకు అంటించారు, గ్రూపులోనూ పెట్టారు. అభ్యంతరాలకు వారం గడువు.

బుధవారం సాయంత్రం తారా వచ్చింది. నాలుగిళ్లవతల ఉంటుంది, బట్టలు కుడుతుంది. భర్త బాల్యా సిమెంటు లారీ నడిపేవాడు. షుగరు వల్ల కుడికాలు మోకాలి కింద తీసేశారు. వాళ్ల గుమ్మం ముందున్న ర్యాంపు ఆయన చక్రాల కుర్చీ కోసం వేసుకున్నదే. జాబితాలో అది పదకొండో నంబరు.

రచన గేటు దగ్గర స్కూటీ ఆపుతుంటే తారా దగ్గరికొచ్చి ఫోన్ చూపించింది. గొంతులో కోపం లేదు.

"అక్కా, మా ర్యాంపు తీస్తే తియ్యండ్రి. మళ్లెట్లనన్న చేసుకుంటం. కానీ జర ఇది సూడు. మీ ఇంటి నంబరు తప్పిపోయినట్టుంది."

రచన ఫోన్ అందుకుని జాబితా కిందికి జరిపింది.

"పోయిన వానలప్పుడు మాకు మోకాళ్ల దాక నీళ్లు. ఆయనను మంచం మీద కూసోబెట్టి, కుర్చీని ఎత్తి టేబుల్ మీద పెట్టిన. నీళ్లు మా దగ్గర్నుంచి మీ దిక్కే పోవాలె కద అక్కా. మీ అరుగు కింద ఆగుతున్నయి. గందుకే అడిగిన. ఇంకోతీరుగ అనుకోకు."

"చూస్తాను తారా," అంది రచన. తారా వెళ్లిపోయింది. తల తిప్పి చూస్తే ఈశ్వరమ్మ అరుగు మీదే ఉంది. అంతా విన్నది. లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని లోపలికి పోయింది.

ప్రవీణ్ దుకాణం నుంచి రాగానే ఆమె టీవీ కట్టేసింది.

"ఇద్దరు కూసోండ్రి. ఆ లిస్టుల మన ఇల్లు ఎందుకు లేదు?"

"నేనే వద్దన్న అమ్మా," అన్నాడు ప్రవీణ్. "నాన్న కట్టించిన అరుగు. నువ్వు పొద్దుమాపు ఆడనే ఉంటవు. అది పోతే నువ్వు..."

"నేనేమైత?"

ప్రవీణ్ తల దించుకున్నాడు.

"చెప్పు. అన్నం మానేస్తనా? ఏడుసుకుంట కూసుంటనా? నన్ను ఒక్క మాట అడిగిండ్రా?"

"అడిగితే మీరు ఒప్పుకోరనుకున్న అత్తమ్మా," అంది రచన చిన్నగా.

"ఒప్పుకోకపోదును. కొట్లాడుదును కూడ. మీ మామను తలుసుకొని ఏడుద్దును. తెల్లారి ఒప్పుకుందును. ఆ ఒక్కరోజు కొట్లాటకు భయపడి నువ్వు నా పేరు మీద దొంగ లిస్టు రాసినవ్. ఇల్లు నా పేరు మీదనే ఉంది కద. రేపు వీధిల అందరు ఏమంటరు? కోడలు ఆఫీసరైతే అత్త అరుగు ఉంటది, కాలు లేనోని ర్యాంపు పోతది అంటరు. తారా నీతోని ఎంత మెల్లగ చెప్పింది. గట్టిగ తిట్టినా నాకింత సిగ్గు కాకపోవు."

రచన కళ్లు నిండాయి. రెండేళ్ల నుంచి ఈ మనిషి గొంతుతోనే తన పని సగం నడుస్తోంది. ఆమెకు కష్టం కలగకూడదనుకుంది గానీ, ఆమె ఏం చేస్తుందో తనే నిర్ణయించేసుకుంది. మనసు దిటవు చేసుకోలేని పసిదాని కింద లెక్కగట్టింది.

ఈశ్వరమ్మ గొంతు తగ్గింది. "ఊళ్లె అందరి సంగతులు నాకు చెప్తవు బిడ్డా. నా ఇంటి సంగతి నాకు చెప్పకపోతివి."

ఆ మాటకు రచన మొహం చేతుల్లో దాచుకుంది. ప్రవీణ్ లేచి తల్లి పక్కన కూర్చున్నాడు. చివరికి ఈశ్వరమ్మే లేచింది. "అన్నం తినండ్రి. తెల్లారి ఆఫీసుకు నేను గూడ వస్త," అంది.

తెల్లారి నిజంగానే వచ్చింది. పట్టుచీర కట్టుకుని, స్కూటీ వెనక ఒకవైపుగా కూర్చుని, కోడలి భుజం గట్టిగా పట్టుకుని. మున్సిపల్ ఇంజనీరు నగేష్ ముందు రచన నిలబడి దాచకుండా చెప్పింది. మా ఇల్లు కొలవలేదు సార్, తెలిసే వదిలేశాను, ఇప్పుడు కలపండి అంది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరన్నా కంప్లయింట్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తెలుసా? మీ అంతట మీరే వచ్చారు, అది మంచిదే. కానీ మెమో ఇవ్వక తప్పదు."

"తీసుకుంటాను సార్."

ఈశ్వరమ్మ ముందుకు జరిగింది. "సారూ, ఇల్లు నాది. అరుగు తీసుడు ఒప్పుకుంటున్నని రాసిస్త. కానీ ఆ బాల్యా ర్యాంపు సంగతి జర ఆలోచించండ్రి. ఆయన ఇంట్లకెల్లి బయటికి రావాలె కద."

నగేష్ ఆలోచించాడు. సిమెంటుది ఉండటానికి వీల్లేదని, పూడిక తీసేటప్పుడు ఎత్తి పక్కన పెట్టుకునేలా ఇనుపది పెట్టుకుంటే అభ్యంతరం లేదని చెప్పాడు. బాల్యా పాత స్నేహితుడు జైరాంకు వెల్డింగ్ షాపు ఉంది. రచన అటునుంచి అటే అత్తగారితో సహా ఆ షాపుకు పోయి కొలతలు ఇచ్చి వచ్చింది.

మెమో శనివారం చేతికొచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆదివారం పొద్దున రచన తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంటే, ఈశ్వరమ్మ బీరకాయలు చెక్కు తీస్తూ పక్కన చేరింది.

"మా అత్తకు పానం బాగలేదు, గా పరేషాన్‌ల మర్చిపోయిన అని రాయి. ఎవరన్న అడిగితే నేను అవునంట."

రచన కాగితం మీది నుంచి తలెత్తింది. "వద్దు అత్తమ్మా. మళ్లీ మీ పేరు మీద అబద్ధం రాయను."

ఈశ్వరమ్మ చేతిలో కత్తి ఆగింది. కోడలి మొహంలోకి ఒక్క క్షణం చూసి, మళ్లీ కాయ అందుకుంది. "సరే. అయితే నిజమే రాయి. అక్షరాలు గుండ్రంగ రాయి, సారుకు సక్కగ కనపడాలె."

రచన తప్పు తనదేనని నాలుగు వాక్యాల్లో రాసింది. రాసింది చదివి వినిపించమంది అత్తగారు. విన్నాక తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని కోడలి వీపు మీద వేసింది.

తర్వాతి గురువారం వీధిలోకి జేసీబీ వచ్చింది. మొదట ఎవరింటి దగ్గర మొదలుపెట్టాలని ఎర్రయ్య అడిగితే, ఈశ్వరమ్మ తన గుమ్మంలో నిలబడి "గీడికెల్లే" అంది. బండలు లేస్తుంటే కళ్లు తుడుచుకుంది. దాచుకోలేదు. ప్రవీణ్ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

బండల కింద నల్లటి పూడిక నడుము లోతు ఉంది. సీసాలు, గుడ్డపేలికలు, ఎప్పుడో పడిపోయిన స్టీలు చెంబు ఒకటి బయటికొచ్చాయి. అంతా తోడి పోస్తుంటే, పైన ఆగి ఉన్న మురుగు ఒక్కసారిగా కదిలి గలగలా కిందికి పారింది. బాల్యా వాళ్ల గుమ్మం ముందు ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లు చూస్తుండగానే తగ్గిపోయాయి.

ఈశ్వరమ్మ అది చూసింది. ఇన్నేళ్లూ తను కూర్చున్న చోటు కింద ఏముందో, దాని వల్ల పైన ఎవరికి ఏమవుతోందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. కొడుకు చెయ్యి వదిలించుకుని, తవ్విపోసిన మట్టి పక్కనుంచి జాగ్రత్తగా అడుగులేస్తూ నాలుగిళ్లు దాటి వెళ్లింది. ఏమంటుందోనని రచన వెనకే నడిచింది.

తారా వాళ్ల గుమ్మం ముందు సిమెంటుది ముందే తీసేసి, జైరాం చేసిన కొత్త ఇనుప ర్యాంపు ఆనించి ఉంది. దాని మీదుగానే ఈశ్వరమ్మ లోపలికి పోయింది. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న బాల్యా కంగారుగా లుంగీ సర్దుకున్నాడు.

"బాల్యా, మీ ఇంట్లకు నీళ్లు నా వల్లనే వచ్చినయి. నాకు తెల్వలే. తెల్వకున్నా తప్పు నాదే."

"అయ్యో పెద్దమ్మా, ఊకో. వాన పడ్డది, నీళ్లొచ్చినయి. నీ తప్పేముంది అండ్ల?"

కుట్టుమిషన్ దగ్గర్నుంచి తారా లేచి, కుర్చీ మీది బట్టలు తీసి పక్కన పెట్టింది. "కూసో పెద్దమ్మా. పన్నెండేండ్లాయె మేం ఈ వీధికొచ్చి. నువ్వు మా ఇంట్ల అడుగుపెట్టుడు ఇదే మొదలు."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అంతే. ఈశ్వరమ్మ గదిని ఒకసారి కలయజూసింది. గోడ మీద మోకాలి ఎత్తున నీళ్లు వచ్చిపోయిన మరక ఇంకా ఉంది. ఈ పన్నెండేళ్లలో తారా తన దగ్గరికి ఎన్ని వందలసార్లు వచ్చిందో, బిందెతో, బట్టల మూటతో, పిల్ల సర్టిఫికెట్లతో ఎన్నిసార్లు అరుగు కింద నిలబడి మాట్లాడి పోయిందో గుర్తొచ్చినట్టుంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే కుర్చీలో కూర్చుంది.

"ఛాయ్ పోస్తవా తారా?" అని అడిగింది. "చక్కెర జర ఎక్కువనే ఎయ్యి. నాకు షుగర్ లేదు."

"మా ఆయన ముంగట ఆ మాటనకు పెద్దమ్మా, మనాది పెట్టుకుంటడు," అంది తారా. బాల్యా గట్టిగా నవ్వాడు. ఈశ్వరమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది.

బయట ఎర్రయ్య "మేడం, తర్వాత ఏ నంబరు?" అని పిలుస్తున్నాడు. అత్తగారి కోసం ఆగుదామా అనుకుంది రచన. ఆగలేదు. జాబితా తీసుకుని వీధిలోకి నడిచింది. మధ్యాహ్నం ఒంటిగంటకు పని ముగించుకుని వచ్చేసరికి ఈశ్వరమ్మ ఇంకా ఇల్లు చేరలేదు. నాలుగిళ్లవతల, తారా ఇంట్లోంచి, శనివారం నల్లా ఎన్ని గంటలకు వస్తుందో ఎవరికో చెబుతున్న ఆమె గొంతు వీధంతా వినిపిస్తోంది. పొద్దున లైన్‌మన్‌తో ఫోన్‌లో మాట్లాడటమే గానీ, ఆ సంగతి రచన ఇంకా ఎవరికీ చెప్పలేదు.