మేఘ తెంపే పండ్లు

టమాటా తెంపే రోజు కావడంతో నిర్మలమ్మ పొద్దున్నే వాకిట్లో ఖాళీ ట్రేలు దులుపుతోంది. ప్రేమమ్మ వాటిని ఒకదానిపై ఒకటి పేరుస్తోంది. కనకమామిడి ఊళ్లో నిర్మలమ్మ వాళ్లకున్న నాలుగెకరాల్లో ప్రేమమ్మ పదేళ్లుగా కూలికి వస్తోంది.

మంచం మీద పెట్టిన నిర్మలమ్మ ఫోన్ మోగింది. పక్కనే చాయ్ తాగుతున్న ఆమె భర్త బాల్‌రాజ్ ఎత్తాడు. వీడియోలో ఆస్ట్రేలియాలో చదువుతున్న కూతురు మేఘ. తలకు టోపీ, ఒంటి మీద నారింజ రంగు కోటు, వెనకాల పొడుగ్గా స్ట్రాబెర్రీ సాళ్లు.

"అమ్మ లేదా బాపూ?" మేఘ తడబడింది.

"ఆ కోటేంది? ఏడున్నవ్?"

"పనిల ఉన్న. పండ్లు తెంపుతున్న."

కూతురు ఏదో ఆఫీసులో పార్ట్‌టైమ్ చేస్తోందని బాల్‌రాజ్ పంచాయతీ దగ్గర అందరికీ చెప్పాడు. ఆ మాట మేఘ ఎన్నడూ అనలేదు. తనే అనుకున్నాడు. భార్య వైపు చూశాడు.

"నీకు ఎరుకనే అన్నట్టు."

"రెండు నెలల సంది. చెప్తె నువ్వు గిట్లనే చేస్తవని చెప్పలే," అంది నిర్మలమ్మ.

"కూలికి పొమ్మనా నిన్ను అంత దూరం తోలింది?" అన్నాడు బాల్‌రాజ్ కూతురితో. "మన పొలంల ఎన్నడన్న ట్రే ముట్టనిచ్చిన్నా?"

"చదువుకొనేటోళ్లకు ఈడ దొరికేటియి ఇవే బాపూ. హోటల్, దుకాణం, తోట. అది గూడ క్లాసులు నడిచేటప్పుడు పదిహేను దినాలకు నలభై ఎనిమిది గంటలే. దుకాణాలల్ల అనుభవం అడిగిన్రు. ఈడ అడగలే."

"మానెయ్. పైసలు నేను పంపిస్త."

"ఏం అమ్మి పంపిస్తవ్? నాకైతే నామోషీ లేదు. ప్రేమక్క చేస్తలేదా ఇదే పని?"

బాల్‌రాజ్ నోరు తెరిచాడు. ఎదురుగా ట్రే పట్టుకుని నిలబడ్డ ప్రేమమ్మ కనిపించింది. అనబోయిన మాట ఆమె ముందు అనలేకపోయాడు.

ప్రేమమ్మే కొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "ఏది పటేలా, జర నాకు చూపియ్." ఫోన్‌లోకి వంగింది. "బిడ్డా, నడుము నొస్తున్నదా?"

మేఘ పెదవి బిగపట్టింది. అయినా కళ్లు నిండిపోయాయి.

"మస్తు నొస్తున్నది అక్కా. పొద్దుగాల లేవొస్తలేదు."

"వంగి తెంపకు. ఒక మోకాలు కింద పెట్టు. ఇంటికి పోయినంక వేడినీళ్లు పోస్కో."

బాల్‌రాజ్ ఫోన్ ఎత్తినప్పటి నుంచీ కోటు గురించి అడిగాడు, ఊళ్లో వాళ్లేమంటారోనని ఆలోచించాడు. నొప్పి సంగతి అడగాలని అతనికి తోచనే లేదు. ఇప్పుడు కూతురి ముఖం పరీక్షగా చూశాడు. ఎండకు ముక్కు కమిలి ఉంది.

"ఇంకెంతసేపు ఉన్నది బిడ్డా నీకు రెస్టు?"

"పదిహేను నిమిషాలు. తినాలె."

"అయితే ఫోన్ పెట్టకు. నువ్వు తిను, నేను చూస్త."

మేఘ ముఖం తుడుచుకుని డబ్బా మూత తీసింది. బాల్‌రాజ్ మంచం మీద పక్కకు జరిగి ప్రేమమ్మకు చోటిచ్చాడు. ఆమె ఒక క్షణం తటపటాయించి అంచున కూర్చుంది. ముగ్గురూ చూస్తుండగా మేఘ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.