ముసలమ్మ మోరీ కాడ ఎక్కినామె

పస్రా దాటి మేడారం దిక్కు మలిగినంక అడవిల ఒక చిన్న మోరీ వస్తది. వాన నీళ్ళు పోనీకి రోడ్డు కింద కట్టిన మోరీ, అంతే. పగటిపూట దాని గోడ మీద కోతులు కూసోని ఒకదానికొకటి పేలు చూసుకుంటయి. పొద్దుగూకినంక మాత్రం దాని పేరెత్తితే మా కొత్తవాడ ముసలోళ్ళు మాట మారుస్తరు.

ముసలమ్మ మోరీ.

అక్కడ బండి బరువెక్కుతదట. ఎవ్వరూ చెయ్యెత్తరు, ఎవ్వరూ ఎక్కరు... బండి మాత్రం బరువెక్కుతది. అందరిదీ కాదు. మేడారం అమ్మలకు మొక్కిన మొక్కుల తక్కువ చేసి తీస్కపోయేటోని బండే. ఎంత తక్కువైతే అంత బరువు తనే అయి ముసలమ్మ ఎక్కి కూసుంటదని మా అవ్వ యాదవ్వ నా చిన్నప్పటి సంది చెప్పేది.

"ఎందుకే అవ్వా, ఆమెకు బస్సు దొరకదా?" అని నేను పండ్లికిలించేటోణ్ణి.

నాకు అక్కడ ఏమైందో ఇప్పుడు వాడ మొత్తం చెప్పుకుంటాంది. బాలరాజు సొమ్మసిల్లి పడిపోయిండని ఒకడు, లాగు తడుపుకున్నడని ఇంకొకడు. రెండూ అబద్ధమే. అసలు సంగతి అంతకన్న ఇజ్జత్ తక్కువది. అందుకే నా నోటితోనే చెప్తాన.

రెండేండ్ల కింద మా బిడ్డ నవనీతకు డెంగీ వచ్చింది. హనుమకొండ దవాఖానల పొద్దుకొకసారి రక్తం పరీక్ష చేసి, ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోతున్నయని చెప్పేటోళ్ళు. మూడో దినం వరండాల నిలబడి, "తల్లీ సమ్మక్కా, సారక్కా... నా బిడ్డ లేచి కూసుంటే నా నిలువెత్తు బంగారం పెడత" అని మొక్కిన. బంగారమంటే బెల్లం. మేడారం మొక్కుల బెల్లాన్ని బెల్లమనరు. మనిషిని కాంటా మీద నిలబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం అమ్మల గద్దెల కాడ పెట్టాలె.

బిడ్డ లేచి కూసున్నది. ఇప్పుడు బడికి పోతాంది, నా పొట్ట మీద తబలా కొడ్తాంది.

కష్టమంతా ఆ పొట్టతోనే వచ్చింది. అదే దవాఖానల రక్తమిద్దామని పోతే నన్ను తూచిండ్రు. ఎనభై నాలుగు కిలోలు. డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇగ ఆ దినం సంది పొద్దుగాల లేచి భద్రకాళి చెరువు కట్టకు నడవపోతానని ఇంట్ల చెప్పిన. అబద్ధం కాదు, పోయిన... కట్ట కింది పూరీల బండి దాక. ఆడికేలి వచ్చి, నెలకోసారి నా బరువు నేనే ప్రకటించేటోణ్ణి. ఎనభై. డెబ్బై ఏడు. డెబ్బై రెండు! నా భార్య రాజశ్రీ "అట్లనా?" అనేది. నేను మురిసిపోయేటోణ్ణి.

జాతర లేని ఏడాది, రద్దీ ఉండదు, ఈసారన్న మొక్కు తీర్చుదామని అవ్వ పట్టుబట్టింది. బెల్లం తూకానికి అందరం పోతే నా బండారం బయటపడ్తది. అందుకని నేనొక్కన్నే రాంచందరన్న దుకాణంకు ఉరికిన.

"అన్నా, డెబ్బై రెండు కిలోలు తూచు."

"కాంటా ఎక్కు మరి."

"ఎక్కుడెందుకే, నా బరువు నాకు తెల్వదా?"

ఆయన నా పొట్ట దిక్కు ఒక్కసారి చూసి, బెల్లం దిమ్మలు తూచిండు.

అమ్మల కాడ పన్నెండు కిలోలు తగ్గించిన. పైసలకు కాదు. ఉత్త ఫోజుకు.

మగ్గం మీది పని తెగేసరికే చీకటి పడ్డది. తెల్లారేసరికి గద్దెల కాడ ఉండాలని అప్పుడే బయలెల్లినం. బెల్లం డిక్కీల. అవ్వ, రాజశ్రీ, బిడ్డ ఎనక సీట్ల. ముందు, నా పక్క సీట్ల, అమ్మలకని మా ఇంట్ల నేసిన కొత్త జంపఖానా మడత. దానికి రాజశ్రీ సీటు బెల్టు పెట్టింది.

"జంపఖానాకు బెల్టేందే?"

"అమ్మలది. కింద పడొద్దు. నువ్వు దాన్ని ముట్టకు."

పస్రాల చాయ్ తాగినం. నా నీళ్ళ సీసా ఆ సీటు సందుల ఇరుక్కుంటే బెల్టు తీసి గుంజిన. మళ్ళ పెట్టలే. బద్ధకం.

అక్కడికేలి రోడ్డంతా గుంతలు. బండి నడక మీదనే పోతాంది. రెండు దిక్కుల చెట్లు... లైటు పడ్డకాడ తప్ప అంతా నలుపు.

కొద్ది దూరంల మోరీ గోడ తెల్లగ కనబడ్డది.

"కొడుకా..." అవ్వ గుసగుసగ అన్నది. "మొక్కు సరిగ్గ తూచినవు గద?"

"తూచిన."

నా గొంతు నాకే నచ్చలే. మోరీ మీద రోడ్డు జర బాగుంది. జల్ది దాటుదామని స్పీడు పెంచిన—

టింగ్... టింగ్... టింగ్...

ముందర ఎర్ర లైటు. పక్క సీట్ల మనిషి కూసున్నడు, బెల్టు పెట్టుకోలేదు అని బండి చెప్తాంది.

మెల్లగ తల తిప్పిన. ఎవ్వరూ లేరు. జంపఖానా... అంతే.

పదహారేండ్ల వయసు సంది జంపఖానాలు నేస్తాన. ఆ సైజుది నాలుగు కిలోలు దాటదు. అన్నం సంచి, బట్టల సంచి ఎన్నిసార్లు పెట్టలేదు ఆ సీట్ల? ఎన్నడు మోగలే. అంటే... ఎవరో కూసున్నరు.

టింగ్ టింగ్ టింగ్—గంట తొందర పెట్టింది.

నా పానం నా చేతుల్ల లేదు. నా మీద పడితే పడనీ. కానీ ఎనక నా బిడ్డ పండుకున్నది. ఏ బిడ్డ కోసం మొక్కిన్నో, ఆ బిడ్డ. మళ్ళ ఆ దవాఖాన వరండా యాదికొచ్చింది, కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"తల్లీ..." అన్న. "డెబ్బై రెండు కాదు. ఎనభై నాలుగు."

టింగ్ టింగ్.

"నడుచుడు గూడ అబద్ధమే. పూరీలు తిన్న."

చెవి పక్కకే ఒక గుసగుస... "ఎన్ని?"

"నా... నాలుగు. ఐతారం ఆరు. బిడ్డనేమనకు తల్లీ, నీ కాల్మొక్త..."

ఎనక సీట్ల నవ్వు ఫట్టుమని పేలింది. నా చెవి కాడ అడిగింది రాజశ్రీ! నేను బండి ఆపేసరికి ఆమె ముందుకు వంగి జంపఖానా మడత ఎత్తింది. లోపల గోనె సంచి. అండ్ల పన్నెండు కిలోల బెల్లం. బండి నడక మీద పోయినంత సేపు ఊకున్న గంట, బెల్టు లేకుంట స్పీడు పెంచంగనే మోగింది.

"రాంచందరన్న ఆ పొద్దే ఫోన్ చేసిండు" అన్నది కండ్లు తుడుచుకుంట. "పూరీలాయన మా చిన్నమ్మ కొడుకే గద. రెండేండ్ల సంది నాకు లెక్క తెలుసు."

"థూ నీ బతుకు చెడ!" అవ్వ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. "అమ్మల కాడ గూడ పొట్ట లోపలికి పీలుస్తవార?"

తెల్లారి గద్దెల కాడ ఎనభై నాలుగు కిలోలు పెట్టినం. జంపఖానా పరిచినం. బిడ్డ నెత్తికి పసుపు బొట్టు పెడ్తుంటే నాకు ఏడుపాగలే. పొద్దంతా ఆడనే ఉండి, చీకటి పడ్డంక మళ్ళినం.

మోరీ వచ్చింది. నేను ఈల గూడ వేస్తాన.

టింగ్... టింగ్... టింగ్...

పక్క సీట్ల ఏమీ లేదు. జంపఖానా లేదు, సంచి లేదు. నున్నటి సీటు.

"చాలు తియ్యే రాజశ్రీ... ఈసారి ఏం పెట్టినవ్?"

"నేనేం పెట్టలే" అన్నది. ఆమె నవ్వలే. అవ్వ నవ్వలే.

చెయ్యి చాపి, ఆ దిక్కు చూడకుంట, బెల్టు గుంజి పెట్టిన. గంట ఆగింది.

తెల్లారి దుకాణం తియ్యంగనే పోయి రాంచందరన్న కాంటా ఎక్కిన. ఎనభై ఏడు.

ఎనభై నాలుగు రెండేండ్ల కిందటి బరువాయె. ఆ తర్వాతి పూరీలు ఎవ్వరం లెక్కల పట్టలే.

ఇంటికొచ్చి, ఊకెనే అడిగినట్టు అవ్వనడిగిన. "అవ్వా, నిలువెత్తు బంగారమంటే మొక్కిననాటి బరువా, పెట్టిననాటి బరువా?"

"పెట్టిననాటిదే. ఎందుకురా?"

"ఏం లే."

మూడు కిలోల బెల్లం తెచ్చి డిక్కీల దాచిన. వచ్చే బుధవారం ఒక్కన్నే పోతాన, పగటిపూట. అప్పటిదాక రోజూ కట్ట మీద నిజంగనే నడుస్తాన. పూరీలాయన నాకు పెయ్యి బాగలేదేమోనని పరేషానైతాండు.

బండిల నా పక్క సీటు ఖాళీగనే ఉంటది. దాని బెల్టు మాత్రం నేనింకా తియ్యలే.