వెనకగదిలో దొరసాని

ఆ జంతువుల ఆసుపత్రి వెనక సందులో చీకటి పడ్డాక ఎవరూ నడవరు. చుట్టుతిరుగుడైనా సరే, పెద్దరోడ్డు మీంచే పోతారు. వెనకగదిలో ఎవరో జోకొడుతున్నట్టు వినిపిస్తుందనీ, కిటికీలోంచి తొంగి చూస్తే మాత్రం మనిషి జాడ ఉండదనీ… చెప్పుకుంటారు.

టైలరమ్మ ఇలాంటివి నమ్మే రకం కాదు. "దెయ్యాలేమన్నా నాకు కొలతలివ్వడానికొస్తాయా?" అని నవ్వేసేది.

ఆమెకున్నది ఒకటే పిచ్చి — దొరసాని. తెల్లటి పిల్లి. ఇంకెవరు చెయ్యి చాపినా రక్కేసేది. టైలరమ్మ ఒడి తప్ప మరో ఒడి ఎరగదు. "చూశావా, దానికి నేనే లోకం!" అని, రక్కించుకున్న సొంత చెల్లెలి చేతికి మందు రాస్తూ మురిసిపోయేది.

అలాంటి దొరసాని ఒకరోజు మిషను కింద పడున్న దారం మింగేసింది. రెండు రోజులు కక్కి కక్కి, లేవలేకపోయింది.

ఆ ఆసుపత్రికే తీసుకెళ్లింది. డాక్టరు పొట్ట కోసి దారం తీశాడు. "రాత్రికి ఇక్కడే ఉండాలమ్మా. పొద్దున్నే వచ్చి తీసుకెళ్లండి."

"నేనూ ఉంటాను."

"అక్కర్లేదు. రాత్రంతా మా నర్సమ్మ కనిపెట్టుకుని ఉంటుంది. మూగజీవాలకి ఆవిడంటే ప్రాణం."

ఆ చివరి మాట టైలరమ్మ గుండెలో సూదిలా దిగింది. ఎవరా మహాతల్లి?

ఇంటికి వెళ్లిందే గానీ కాలు నిలవలేదు. తొమ్మిదింటికల్లా మళ్లీ ఆసుపత్రి ముందుంది. షట్టరు దించేశారు. ఇంత లావు తాళం. లోపల దీపం లేదు. బాదింది… పిలిచింది… ఉలుకూ పలుకూ లేదు.

"నర్సూ లేదు, గిర్సూ లేదు! కోసిన పొట్టతో నా బిడ్డని ఒంటరిగా పడేసి పోయారు!" ఏడుపూ కోపమూ ఒక్కటై, ఏ సందులోకి పోతున్నదీ చూసుకోకుండా వెనక్కి పరిగెత్తింది.

కిటికీ అద్దానికి మొహం ఆనించింది. వీధిదీపం వెలుగు లోపల పలచగా పడుతోంది. బోను తలుపు తెరిచి ఉంది. దొరసాని… కుర్చీలో ఉంది.

కాదు — కుర్చీకి జానెడు పైన. ఎవరి ఒళ్లోనో పడుకున్నట్టు, గాలిలో.

తల దగ్గర్నుంచి తోకదాకా దాని బొచ్చు మెల్లిగా అణుగుతోంది. లేస్తోంది. మళ్లీ అణుగుతోంది… నిమిరే చెయ్యి మాత్రం లేదు.

టైలరమ్మ పారిపోదామని కాలు వెనక్కి వేసింది. అప్పుడు వినిపించింది —

గుర్ర్… గుర్ర్…

దొరసాని గొంతు. తన ఒళ్లో తప్ప ఎన్నడూ చెయ్యని చప్పుడు.

భయం ఎటు పోయిందో పోయింది. కడుపులో భగ్గుమంది.

"దొరసానీ!" అద్దం మీద కొట్టింది.

పిల్లి కళ్లు తెరిచింది. ఆమెను చూసింది. గుర్తూ పట్టింది. పట్టి… తీరిగ్గా మళ్లీ కళ్లు మూసుకుంది.

అంతకంటే దెయ్యం పీక పట్టుకున్నా బాగుండేది.

తెల్లారేదాకా అక్కడే నిలబడింది. ఆమె కన్నార్పలేదు. ఆ కనిపించని చెయ్యీ ఆగలేదు. తెలతెలవారుతుండగా దొరసాని గాల్లోంచే మెల్లిగా బోనులోకి దిగింది. బోను తలుపు దానంతటదే మూసుకుంది.

షట్టరు లేవగానే టైలరమ్మ డాక్టరు చొక్కా పట్టుకుంది. "రాత్రంతా నర్సు ఉంటుందన్నావు కదయ్యా!"

డాక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఉంది కదమ్మా… చూడలేదా?"

ఆమె చొక్కా వదిలేసింది.

"ఆవిడ పోయి మూడేళ్లయింది. కొత్త నర్సుల్ని ఎంతమందిని పెట్టినా రాత్రిళ్లు ఉండనివ్వదు. ఈ జీవాల్ని ఇంకొకరు ముట్టుకుంటే ఓర్చుకోదు."

"ముందే చెప్పాలా వద్దా?"

"చెబితే… ఎవరైనా వదిలి వెళతారా అమ్మా?"

టైలరమ్మ వెనకగదిలోకి నడిచింది. పిల్లి పొట్ట మీద ఒక్క కుట్టు చెదరలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది. దాన్ని గుండెకి హత్తుకుని, ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"ఓర్చుకోవూ? నేను మాత్రం ఓర్చుకుంటాననుకున్నావా? ఇది నాది. ఇంకోసారి దీని మీద చెయ్యి వేశావంటే…"

మాట పూర్తికాలేదు.

కుర్చీలోంచి… చిన్నగా… ఒక వెక్కు. ఆపుకున్నా ఆగనట్టు, ఇంకొకటి.

టైలరమ్మ చేతుల్లోంచి మెడ సాచి, దొరసాని ఆ ఖాళీ కుర్చీ కేసి చూసింది. జాలిగా, "మ్యావ్" అంది.