గేటు మీది ఎర్ర చొక్కా

మిట్టమధ్యాహ్నం. దుకాణం ముందు నీడలో చాప పరుచుకుని, లమ్‌దువన్ మొగుడి గోళ్ళకి ఎర్రరంగు వేస్తోంది.

"చెయ్యి కదపకు. చిటికెన వేలు ఉంది ఇంకా."

బున్మా ఆవిడ పూల లంగా కట్టుకుని, ఆవిడ రవికే బిగించుకుని కూర్చున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. మీసం పొద్దునే తీయించుకున్నాడు. "గేదెకి గడ్డి వేయబోతే నన్ను చూసి వెనక్కి నడిచింది. ఎవరీవిడ అనుకుంది కాబోలు."

"గేదె అనుకుంటే చాలదు. అది అనుకోవాలి."

'అది' అనగానే ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

పదిహేను రోజుల్లో ఊళ్ళో ముగ్గురు మగవాళ్ళు పోయారు. జ్వరం లేదు, నొప్పి లేదు. రాత్రి తిని పడుకున్నారు, తెల్లారి లేవలేదు. మొదట వంతెన పక్కింట్లో. తర్వాత దాని పక్కింట్లో. మొన్న, గోడకి అవతలి ఇంట్లో సింథోంగ్. వరసలో తర్వాతి ఇల్లు ఎవరిదో ఊరికంతా తెలుసు. లమ్‌దువన్ ముఖం మీద మాత్రం ఎవరూ అనడం లేదు.

ఇది విధవ దెయ్యం పని అని పూనకాల ముసలమ్మ తేల్చి చెప్పింది. ఆ లోకంలో దానికి మొగుడు లేడు, ఇక్కడినుంచి ఏరుకుని పోతోంది. అందుకని అది లోపలికి రాకుండా ప్రతి గేటుకీ ఒక ఎర్ర చొక్కా కట్టారు. వానాకాలం వెళ్ళేదాకా దాన్ని విప్పకూడదు. ఎవరు అడిగినా ఆడవాళ్ళు ఒకే మాట చెప్పాలి: ఈ ఇంట్లో మగవాళ్ళు లేరు. మగవాళ్ళు రాత్రంతా గుడి మండపంలో పేకాడుతూ మేలుకుంటారు. పగలు ఆడవేషంలో, ఆడవాళ్ళ కాపలాలో నిద్రపోతారు. పోయినవాళ్ళంతా రాత్రి పోయినవాళ్ళే కాబట్టి పగలు భయం లేదని ఊరి నమ్మకం. లమ్‌దువన్‌కి ఆ నమ్మకం లేదు. దెయ్యానికి మాత్రం బుద్ధి ఉండదా, మనం వేళ మారిస్తే అదీ మార్చుకోదా అని ఆవిడ అనుమానం.

బున్మా లోపలి గదిలో దోమతెర కింద ముడుచుకుని పడుకున్నాడు. గురక మొదలయ్యేసరికి గేటు దగ్గర బ్రేకు కీచుమంది.

సైకిలు. రెండు పక్కలా సంచులు, వెనక చుట్టిన గుడారం. దిగిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. ఒంటరి ఆడది.

"నమస్కారం అక్కా. నా పేరు వరునీ. దక్షిణాన సముద్రం ఒడ్డున సోంగ్‌ఖ్లా ఊరు మాది. ఈ రాత్రికి ఉండటానికి గది దొరుకుతుందా?"

"ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చావా? ఒక్కదానివే?"

ఆవిడ సైకిలు గోడకి ఆనించి చెప్పింది. "మా ఆయన వెనకే వస్తున్నాడు. టైరు పంక్చరైంది." చెప్పి, దుకాణంలోకి తొంగి చూసి అడిగింది. "ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరు కదా?"

ఇంతకాలం పక్కగదిలో అద్దెకు దిగినవాళ్ళు ఫ్యాను ఉందా, నీళ్ళు వస్తాయా అని అడిగారు గానీ, ఈ మాట అడిగినవాళ్ళు లేరు.

"లేరు."

"మరి ఆ తెరలో..."

"మా అక్క. జ్వరం."

వరునీ తల ఊపింది. నమ్మినట్టు లేదు. లమ్‌దువన్ కూడా ఆవిడ మొగుడి సంగతి నమ్మలేదు. సైకిలుకి వేలాడే గిన్నె ఒకటే. చెంచా ఒకటే. మొగుడు వెనక వస్తుంటే ఏ పెళ్ళామైనా ఒక్కసారైనా రోడ్డు వైపు చూడదా?

పొమ్మనేద్దామనుకుంది. కానీ పొమ్మంటే ఎటు పోతుంది, గోడ చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికే వస్తే? కళ్ళముందు ఉంచుకోవడమే మేలు. కాబట్టి మర్యాదగానే కూర్చోబెట్టి, మనిషో దెయ్యమో తేల్చుకోవడానికి పరీక్ష పెట్టింది. పచ్చి బొప్పాయి తురుములో పదిహేను మిరపకాయలు దంచి, జిగురన్నంతో ముందు పెట్టింది. వరునీ ముక్కు కారింది, చెవులు ఎర్రబడ్డాయి, ధారగా చెమట పట్టింది. నీడ కూడా ఉండాల్సిన చోటే ఉంది. అయినా లమ్‌దువన్ మనసు కుదుటపడలేదు.

"అక్కా, ఆ చెప్పులు మగవాళ్ళవి కదూ?"

మెట్టు పక్కన బున్మా చెప్పులు. ఎంత పిచ్చిదాన్ని అని తన్ను తానే తిట్టుకుంది. "పోయినోడివి. పారేయడానికి మనసు రాలేదు," అని వాటిని పట్టుకుని పెరట్లోకి పోయి, కట్టెల కింద దాచింది. మంచి మాట కాదు అది. బతికున్న మొగుణ్ణి నోటితో చంపినందుకు చెంపలేసుకుంది.

అప్పుడే వాన దబదబా మొదలైంది. కట్టెల మీద పట్టా కప్పి ముందుకి వచ్చేసరికి వరునీ తడిసి ముద్దై, చేతుల నిండా బట్టలతో నిలబడి ఉంది.

"ఆరేసినవన్నీ తెచ్చేశాను అక్కా. మడత కూడా పెట్టేశాను."

ఎంత మంచిదానిలా ఉంది అనుకుంది లమ్‌దువన్. అనుకోగానే భయం ఇంకా పెరిగింది. బట్టల దొంతర అందుకుని అరమీద పడేసింది. ఆవిడ చూపంతా వరునీ చేతుల మీదే ఉంది, చేతుల్లో ఉన్నవాటి మీద లేదు.

"తడిసిపోయావు, కాసేపు పడుకో చెల్లీ," అని పక్కగదిలోకి పంపింది. తలుపు మూసుకున్నాక నిమిషం ఆగి, చప్పుడు కాకుండా బయట గడియ పెట్టింది. బొప్పాయి చెక్కే కత్తి ఒళ్ళో పెట్టుకుని, ఆ తలుపుకి ఎదురుగా కూర్చుంది. బున్మా దోమతెర వీపు వెనక ఉంది. ఇప్పుడు రమ్మను చూద్దాం అనుకుంది.

వాన రేకుల మీద మోగుతోంది. బురద వాసన, తడిసిన గడ్డి వాసన. మూడు గంటలకే చీకటి కమ్మింది.

ఎక్కడో సైకిలు బెల్లు మోగింది. ట్రింగ్.

వంతెన వైపునుంచి. నిజంగానే మొగుడున్నాడా దీనికి? లమ్‌దువన్ మెడ చాచి చూసింది. వానలో ఏమీ కనిపించలేదు.

మళ్ళీ మోగింది. ఈసారి సింథోంగ్ ఇంటి ముందు. ఆగడానికి ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారు?

ట్రింగ్... గేటు దగ్గర.

"ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరు కదా?"

ఆడగొంతు. మెల్లగా, మర్యాదగా. వాన హోరులో ఎటునుంచో తెలియలేదు. మధ్యాహ్నం విన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేదు. లమ్‌దువన్ కత్తి పిడి బిగించి, గడియ పెట్టిన తలుపునే చూస్తూ గట్టిగా చెప్పింది.

"లేరు. ఈ ఇంట్లో మగవాళ్ళు లేరు."

"పడుకున్నదెవరు?"

"మా అక్క."

తర్వాత ఆ తలుపు వెనకనుంచి గుసగుస వినిపించింది.

"అక్కా... ఎవరితో మాట్లాడుతున్నావు?"

లమ్‌దువన్ కత్తి ఎత్తింది. "నువ్వే కదా అడిగావు."

"నేను కాదక్కా. గొంతు బయటినుంచి వచ్చింది." తలుపుకి ఆనుకుని చెప్తోంది. "నీతో అబద్ధమాడాను. నాకు మొగుడు లేడు, వెనక ఎవరూ రావడం లేదు. ఒక్కదాన్నే తిరుగుతాను కదా, ఎక్కడ దిగినా అలాగే చెప్తాను, మగవాళ్ళు లేరు కదా అని అడుగుతాను. కానీ వంతెన దాటినప్పట్నుంచీ నా వెనక బెల్లు మోగుతూనే ఉంది... తిరిగి చూస్తే ఎవరూ లేరు."

"నీ సైకిలు బెల్లు కాదూ అది?"

"నా సైకిలుకి బెల్లు లేదక్కా."

గోడకి ఆనించిన సైకిలు వైపు చూసింది లమ్‌దువన్. లేదు. అంతసేపూ అనుమానంతో దాన్ని అంగుళం అంగుళం చూసింది, ఇది మాత్రం చూడలేదు. మరి గేటు దగ్గర ఉన్నది... గేటు మీద చొక్కా ఉందిగా. లోపలికి రాలేదు. చొక్కా ఉందిగా...

ఆవిడ కళ్ళు అరమీదికి పోయాయి.

బట్టల దొంతర. తువ్వాలు, దుప్పటి, తువ్వాలు. రెండు తువ్వాళ్ళ మధ్య, చక్కగా మడతపెట్టి... ఎర్ర చొక్కా చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది.

అప్పుడు తెలిసింది, వీపు వెనక గురక వినిపించడం లేదని.

తెర చింపుకుని లోపల పడింది. బున్మా వెల్లకిలా ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. ఊపిరి లేదు. చెంపలు వాయించింది. కాలి బొటనవేలు పళ్ళతో కొరికింది. కూజాలో నీళ్ళు ముఖాన గుమ్మరించింది. "లే... లే నా తండ్రీ... నేను అన్న మాట వెనక్కి తీసుకుంటా, లే..." అంటూ గుండె మీద పిడికిళ్ళతో గుద్దింది. వరునీ అవతల తలుపు బాదుతోంది.

బున్మా ఒక్కసారి ఎగశ్వాస తీసి, లేచి కూర్చున్నాడు.

లమ్‌దువన్ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్ళి గడియ తీసింది. ఏమీ అడక్కుండా దొంతరలోంచి ఎర్ర చొక్కా లాగి, వానలోకి పరుగెత్తి గేటుకి కట్టింది, ముడి మీద ముడి, మూడు ముళ్ళు. గేటు బయట ఎవరూ లేరు. వచ్చేసరికి వరునీ బున్మాకి వేడినీళ్ళు తాగిస్తోంది. ఆ చొక్కా ఎందుకో లమ్‌దువన్ చెప్పేసరికి, తను చేసిన పనికి ఆవిడ చేతులు జోడించింది. లమ్‌దువన్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. వాన వస్తే ఎదుటివాళ్ళ బట్టలు తియ్యడం తప్పెలా అవుతుంది? దొంతర అందుకుని కూడా చూడకపోవడం తన తప్పు.

"మంచి నిద్ర పాడుచేశావు," అన్నాడు బున్మా గొణుగుతూ. "గోళ్ళు రెండుసార్లు దిద్దాలా?"

"ఎవరు దిద్దారు?"

"నువ్వే కదా. పక్కన కూర్చుని తుడుస్తున్నావు. 'చెయ్యి కదపకు, చిటికెన వేలు ఉంది ఇంకా' అన్నావు."

లమ్‌దువన్ అతని చేతులు వెలుతురులోకి లాగింది. తొమ్మిది గోళ్ళు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి. కుడి చిటికెన వేలికి మాత్రం ఎర్రరంగు మిగిలింది.

సీసా తెచ్చి బొటనవేలికి పూసింది. రంగు గోరు మీద నిలవలేదు, చుక్కలు చుక్కలుగా జారి చాప మీద పడింది. తుడిచి, ఆరబెట్టి మళ్ళీ పూసింది. మళ్ళీ జారింది. వరునీ తన గోటికి పూసుకు చూసింది. వెంటనే పట్టింది.

దానికి తుడవడానికి మిగిలింది ఇక చిటికెన వేలొక్కటే. తర్వాత లమ్‌దువన్ ఆ చిటికెన వేలిని గుప్పిట్లో మూసి పట్టుకుంది. వరునీ రెండో పక్క కూర్చుని, నిద్రపోకుండా ఏదో ఒకటి మాట్లాడించాలని, గేదె పేరేమిటని బున్మాని అడిగింది. అతను చెప్పబోయి ఆవులించాడు.

వాన వెలిసింది. గేటు మీద చొక్కా నీళ్ళు కారుతూ వేలాడుతోంది.

ట్రింగ్... గేటు లోపల, కిటికీ కింద.