నలభై వేల కార్డులు

సీనియర్ ఏజెంట్ నరసింహమూర్తిని పుప్పాలగూడ మలుపులో టిప్పర్ గుద్ది పది రోజులైంది. యాక్సిడెంట్ అని కేసు మూసేశారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఏజెంట్ సాయిచంద్ మాత్రం ఆ మాట నమ్మలేదు. ఈ పది రోజులూ కంటినిండా నిద్రపోనూ లేదు.

"విక్టర్ ముఠా మన డెబిట్ కార్డులకు నలభై వేల నకిలీలు తయారుచేసింది," అంది బ్యాంకులో మోసగాళ్లను పట్టుకునే సీక్రెట్ ఫ్రాడ్ వింగ్ చీఫ్ సరోజమ్మ. "ఇవాళ సరిగ్గా నాలుగింటికి వాడి లాప్‌టాప్ సిగ్నలిస్తే, ఆరు దేశాల ఏటీఎంలలో డబ్బు లాగేస్తారు. కార్డులు ఇప్పుడే బ్లాక్ చెయ్యమంటోంది మేనేజ్‌మెంట్."

"చేస్తే విక్టర్ ఫ్లైటెక్కేస్తాడు మేడమ్."

"అందుకే నాలుగింటిదాకా ఆపాను. క్షణం దాటినా జనం జీతాలు గల్లంతు. సాక్ష్యానికి లాక్ తీసిన లాప్‌టాప్ కావాలి. తలుపు బద్దలుకొడితే అంతా చెరిపేస్తాడు."

"నాకు లాప్‌టాప్ ఒక్కటే చాలదు," అన్నాడు సాయిచంద్.

మూడూ నలభైకి మాదాపూర్ అద్దాల టవర్ పద్నాలుగో అంతస్తులో ఏసీ మెకానిక్ వేషంలో దిగాడు. బోర్డు సాఫ్ట్‌వేర్ కంపెనీది, లోపల విక్టర్ దుకాణం. తలుపు తీసింది ఆమని. పైకి విక్టర్ సెక్రటరీ, లోపల వింగ్‌కు ఇన్‌ఫార్మర్. ఆమె నవ్వితే ఎదుటివాడు వచ్చిన పని మర్చిపోతాడు.

"ఫిల్టర్ మార్చాలా?" కోడ్ అడిగింది.

"గ్యాస్ కూడా అయిపోయింది," బదులిచ్చాడు.

మూర్తి ఆ రోజు ఏ దారిన వెళతాడో తెలిసింది ముగ్గురికే. సాయిచంద్, సరోజమ్మ, ఈమె. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు తగ్గించి, "పోలీసులు బయల్దేరారు, నువ్వు జాగ్రత్త," అన్నాడు.

ఆ అబద్ధం రెండు నిమిషాల్లో విక్టర్ చెవిన పడింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఆమనిని వెంటేసుకుని కిందికి పరుగెత్తాడు. సాయిచంద్ మెట్లు దిగాడు.

లాబీ గేటు దగ్గర గార్డు లచ్చమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వారంగా ఆమె డ్యూటీ గమనించాకే సాయిచంద్ ఈ ప్లాన్ వేశాడు.

"లాప్‌టాప్‌కు గేట్ పాస్ ఏది?"

"సార్ కంపెనీ ఓనర్!" అంది ఆమని.

"ఓనరైతే ఏంది? మొన్న మా మేనేజర్‌నే ఆపిన. జర పక్కకు జరుగుండ్రి."

ఆ వాదనలోనే మూడూ యాభై తొమ్మిదైంది. ఇక దారిలేక విక్టర్ లాబీ సోఫాలో కూలబడి లాప్‌టాప్ తెరిచాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. వెనకనుంచి సాయిచంద్ ఆ చెయ్యి మెలితిప్పేసరికి విక్టర్ ఎడంచేత్తో బటన్ నొక్కేశాడు.

"బ్లాక్ చెయ్యండి మేడమ్!" ఇయర్‌పీస్‌లోకి అరిచాడు సాయిచంద్.

స్క్రీన్ మీద ఆరు దేశాల నుంచీ ఒకటే జవాబు: డిక్లైన్డ్.

"నరసింహమూర్తి గుర్తున్నాడా?"

"హూ ఈజ్ దట్?" అన్నాడు విక్టర్. సాయిచంద్ ఆ చేతిని ఇంకాస్త తిప్పాడు. మణికట్టు పుటుక్కుమంది. మనసు చల్లబడింది.

ముందునుంచే లాబీలో కాచుకున్న మఫ్టీ పోలీసులు చుట్టుముట్టారు. "సాయీ, నేను మీ మనిషినే కదా!" ఆమని ఏడ్చింది.

"మూర్తి గారూ మా మనిషే," అని బేడీలు తనే వేశాడు.

సాయంత్రం కూకట్‌పల్లిలో మూర్తి భార్య కనకలక్ష్మికి ఈ కబురు చెబుతుండగా మూర్తి ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆమె చదివింది: "మీ భద్రతే మాకు ముఖ్యం. ముందుజాగ్రత్తగా మీ కార్డు బ్లాక్ చేశాం."

"ఏంటి బాబూ ఇది?"

"పది రోజులు లేటండీ," అన్నాడు సాయిచంద్. "మా బ్యాంకు పద్ధతే అంత."