పదకొండూ పదికి రావలసిన జ్వరం

ఆ గురువారం పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలకు తోట కౌముదికి జ్వరం రావాలి. ఇంటర్వ్యూ పదకొండింటికి. "జ్వరం పెట్టుకుని ఇంటర్వ్యూకి బయల్దేరారేంటండీ!" అని ఆటో అతను కూడా మందలించాడు. ఆమె మాత్రం పెళ్ళికి వెళ్తున్నదానిలా పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు కాకినాడలో పంచాంగమంటే కణపంచాంగమే. మణికట్టుకు కట్టుకున్న నాడిపట్టీ ఒంట్లోని కణాలను లెక్కపెడుతుంది. ఏ కణం ఎప్పుడు రెండవుతుందో, ఏది ఏ క్రిమితో ఎప్పుడు కలబడుతుందో గుణించి, జ్వరం వచ్చే గడియను వారం ముందే చెబుతుంది. ముప్పై ఏళ్ళుగా జనం దాన్ని చూసుకునే సెలవులు పెడుతున్నారు, ముహూర్తాలు పెట్టుకుంటున్నారు. దాంతోపాటే, ఎవరూ చెప్పకుండా, జ్వరపేరంటం ఒకటి పుట్టుకొచ్చింది. వచ్చాక పలకరిస్తే అంటుకుంటుంది కనుక, ఇరుగుపొరుగు ముందురోజే వచ్చి, మిరియాల చారు ఇచ్చి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి వెళ్తారు. నిన్న కౌముది ఇంటికి ఏడుగురు వచ్చారు.

కణాలను అంకెలతో చదివే శాస్త్రానికి రాష్ట్రం మొత్తానికి ఉన్నది ఒకటే పెద్ద పరిశోధక పదవి, కణగణిత పీఠం. కౌముదికి యాభై ఆరేళ్ళు. వయోపరిమితి యాభై ఏడు. పీఠం పోతే పోయింది, ఆమె దిగులంతా పొరపాట్ల పెట్టె గురించి. పంచాంగంతో కలవని లెక్కలను ఆమె పనిచేసే పరిశోధనాలయంలో అందులో పడేసి, నెలాఖరుకు చెరిపేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఆమె వాటిని చెరగనివ్వకుండా దాచింది. పీఠం వేరొకరికి వెళ్ళిన మర్నాడే అవన్నీ గంగలో కలుస్తాయి.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. అధ్యక్షురాలు ఆచార్య బషీరున్నీసా, కణపంచాంగం గుణించిన వాళ్ళలో ఒకడైన నూకరాజు, ఇంకా నోరు విప్పని యోహాను.

"ఈ తేదీ మీరే కోరుకున్నారట?" అంది బషీరున్నీసా.

"అవునండీ. పదకొండూ పదికి నాకు జ్వరం రాదు. మూడూ యాభైకి వస్తుంది. అటూ ఇటూ ఐదు నిమిషాలు."

నూకరాజు నవ్వాడు. "పంచాంగం గడియ తప్పదండీ, ఆయ్. తప్పితే అది పట్టీ పొరపాటు."

"నాలుగు వేల నూట పన్నెండు పట్టీలు ఒకే వైపుకి పొరపడతాయాండీ?" అంది కౌముది. దాచిన లెక్కలను గోడమీద పరిచింది. జ్వరం గడియ తప్పినవాళ్ళందరి ఇళ్ళలోనూ ముందురోజు పేరంటం జరిగింది. ఒక్కొక్క మనిషి రాకకు రక్షక కణాలు కాస్త చురుకెక్కి, జ్వరం సగటున నలభై నిమిషాలు ఆలస్యమైంది. "మీరు మనిషిని ఒంటరిగా గుణించారు. మనిషి ఒంటరిగా ఉండడు కదండీ. నిన్న మా ఇంటికి ఏడుగురొచ్చారు, ఏడు నలభైలు."

"చారు వల్లేమో!" అన్నాడు నూకరాజు.

"చారు పంపి మనుషుల్ని పంపని వీధులు కూడా లెక్కపెట్టాను. చారు వల్ల ఒరిగిందేమీ లేదు, రుచి తప్ప."

యోహాను పకపకా నవ్వాడు. పదకొండూ పది అయింది. నలుగురూ ఆమె పట్టీకేసి చూశారు. ఒళ్ళు చల్లగా ఉంది.

"అయితే మూడూ యాభై దాకా కూర్చుందాం. వస్తే పీఠం మీది. రాకపోతే పెట్టె చెరిపేస్తాం," అంది బషీరున్నీసా.

కూర్చున్నారు. మధ్యాహ్నం యోహాను పెసరట్లు తెప్పించాడు. నూకరాజు మొదట ప్రశ్నలే అడిగాడు, తర్వాత వాళ్ళమ్మాయి నాట్యం నేర్చుకుంటున్న సంగతి చెప్పాడు. బషీరున్నీసా తాను కుర్రతనంలో మూడుసార్లు ఫెయిలైన పరీక్ష గురించి చెబుతుంటే కౌముదికి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వొచ్చింది.

మూడూ యాభై అయింది. జ్వరం రాలేదు.

నాలుగయింది. నాలుగున్నరయింది. కౌముది నుదుటి మీద చెమట తప్ప వేడి లేదు. పందొమ్మిదేళ్ళ కష్టం కళ్ళముందే బూడిదలో పోసిన పన్నీరవుతోంది. నూకరాజు ఆమె మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"నిన్న మీ ఇంటికి ఎంతమంది వచ్చారన్నారు?" అంది బషీరున్నీసా.

"ఏడుగురండీ."

"పొద్దుటి నుంచీ ఇక్కడ మీతో కబుర్లాడుతున్నవాళ్ళం ఎంతమందిమి?"

కౌముది ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఊరందరినీ లెక్కపెట్టింది కానీ, లెక్క చూడటానికి కూర్చున్నవాళ్ళూ మనుషులేనని తట్టనే లేదు! ముగ్గురు, మూడు నలభైలు. "ఐదూ యాభై," అంది.

ఆ తర్వాత కబుర్లు సాగలేదు. ఐదూ నలభై ఎనిమిదికి కౌముది భుజాలు జలదరించాయి. పళ్ళు టకటకలాడాయి. "వచ్చిందండీ!" అని కుర్చీలోంచి లేచి గంతేసింది. చలిజ్వరం వచ్చినందుకు అంత సంబరపడిన మనిషిని ఆ ముగ్గురూ ఎన్నడూ చూడలేదు. యోహాను చప్పట్లు కొట్టాడు. నూకరాజు పట్టీ మీది అంకెను రెండుసార్లు చదివి, "నేను గుణించింది సగమేనండీ," అంటూ తనూ చప్పట్లలో కలిశాడు.

బషీరున్నీసా లేచి వచ్చి కౌముది నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. నాడిపట్టీలు వచ్చాక అలా చూసే అవసరం ఎవరికీ రాలేదు. ఆ చెయ్యి తగలగానే, అంతసేపూ ఆపుకున్న ఏడుపు కౌముదికి ఒక్కసారి వచ్చేసింది.

"కాలిపోతోంది తల్లీ!" అంది బషీరున్నీసా మురిసిపోతూ.

"మేడమ్, అంటుకుంటుందండీ!" నూకరాజు కంగారుపడ్డాడు.

"అంటుకోనివ్వండి. పాతికేళ్ళుగా మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళలో నా జ్వరం ఒక్క నిమిషం కూడా గడియ తప్పలేదు." ఆమె చెయ్యి తియ్యలేదు. "పీఠాధిపతి గారూ, మీకు తగ్గాక మా ఇంటికి రండి, అందరూ రండి. ఎంతమంది వస్తారో మాత్రం నాకు ముందే చెప్పకండి."